వీణకు ఋతుచర్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఊరిలో అమ్మవారి జాతర జరుగునపుడు డప్పు వాయించువారు మొదట చేయు పని యేమి? వీథి మూలను గుప్పెడు గడ్డి మంటవేసి, డప్పును ఆ సెగకు చూపి, వ్రేలితో మీటి చూచుకొందురు. ఆ మంట చలి కాగుటకు వేసినది కాదు. గాలిలోని చెమ్మ పీల్చి చర్మము సడలినది. సెగ తగులగానే చెమ్మ పోయి బిగియును; అణగియున్న నాదము ఖంగున పలుకును. పసిపిల్లలు సైతము ఎఱిగిన ఈ చిన్న పనిలో వాద్యములన్నిటికిని చెందిన పెద్ద సత్యమొకటి ఇమిడియున్నది. వాద్యము పలుకుట వాయించువాని చేతిలో కొంతయు, ఆనాటి గాలిలో కొంతయు ఉన్నది.

చర్మవాద్యము తన బాధను వెంటనే చెప్పుకొనును. ఒక్క దెబ్బతో అది అణగినదని తెలియును. ఒక్క సెగతో తేఱుకొనును. వీణ అట్లు కాదు. తన బాధను మెల్లమెల్లగా, నెలల తరబడి చెప్పును. వినువారు లేకున్నచో ఒకనాడు చీలి ఊరకుండును. దానిని డప్పువలె మంటకు చూపుటకును వీలులేదు. వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానమున మూడవ అధ్యాయమును ఋతుచర్యకే వినియోగించి, ఏ ఋతువున మనుష్యుడు ఎట్లు మెలగవలెనో వివరించెను. మ్రానితో చేసిన వీణకును అట్టి ఋతుచర్య ఒకటి కావలెనని చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

ఈ మాట ఉత్తరాంధ్రమున చెప్పుటకు ప్రత్యేక కారణము కలదు. వీణకు పుట్టినిల్లును, చదువులబడియు ఈ సీమలోనే ఉన్నవి. బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా వీణలు చేయుచున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. విజయనగరమున 1919లో మహారాజా వారు నెలకొల్పిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. వారు జన్మించిన అజ్జాడ బొబ్బిలి ప్రాంతపు పల్లెయే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కళాశాలలో వయొలిన్ ఆచార్యులై, పిదప అధ్యక్షులునైరి. ఇట్టి సీమకు ఒకవైపు తూర్పుకనుమలు, ఒకవైపు సముద్రము. వేసవిలో పడమటి వడగాలి, వానకాలమున నైరృతి మేఘము, శరత్తులో తుపాను, హేమంతమున కొండమంచు – ఇన్నియు ఒక్క ఏటిలోనే వీణపై నడచిపోవును.

వీణ శరీరమును ముందుగా తెలిసికొనవలెను. బొబ్బిలి వీణ పనసమ్రానితో చేయబడును. కుండ, దండి వేఱువేఱు ముక్కలుగా అతుకక ఒక్క మొద్దులోనే తొలుచుట అచ్చటి శిల్పుల ప్రసిద్ధ విద్య. పనసచేవ తేలికగా నుండియు గట్టిది. చెదలకు సులభముగా లొంగదు. తొలిచినపుడు నాదము నిచ్చును. అతుకులు తక్కువ యగుటవలన చెమ్మకు జిగురు వదలి విడిపోవు భయమును తక్కువ. అయినను పనస పనసయే, మ్రాను మ్రానే. కొట్టివేసినంత మాత్రమున మ్రాను నీరు త్రాగుట మానదు. వేళ్ళతో త్రాగుట మాని ఒంటితో త్రాగుట నేర్చును.

గాలి తాను మోయగలిగినంత నీటియావిరిని మోయుచున్నచో ఆ తేమను నూఱుపాళ్ళని లెక్కింతురు. గాలిలో తేమ ఏబదిపాళ్ళు ఉన్నచోట చాలదినములు ఉన్న కొయ్య, తన పొడిబరువులో నూటికి సుమారు 9 వంతుల నీటిని నిలుపుకొనును. తేమ ఎనుబదిపాళ్ళకు పెరిగినచో ఆ నీరు సుమారు 16 వంతుల వరకు పెరుగును. ఈ నీటితో కొయ్య ఉబ్బును. నీరు వీడినపుడు కుంచించుకొనును. అయితే అన్ని దిక్కులకును సమముగా ఉబ్బదు. నార సాగిన దిక్కున, అనగా పొడవున, మార్పు లెక్కకు రానంత స్వల్పము. నారకు అడ్డముగానే ఎక్కువ. కావున దండి పొడవు పెరిగి శ్రుతి చెడెననుకొనుట పొరపాటు. మార్పు జరుగు తావులు మూడు: కుండను కప్పిన పలక, తీగెలు చుట్టిన బిరడ, మెట్లను నిలిపిన మైనము.

పలక పలుచనిది, అందుచేత ముందుగా నీరు పీల్చునదియు అదియే. అది ఒకింత ఉబ్బినచో దానిపై నిలిచిన గుఱ్ఱము పైకి లేచును. తీగెకును మెట్టునకును నడుమ నుండవలసిన ఎడము మాఱును. ఎడము పెరిగినచో, వ్రేలితో నొక్కునపుడు తీగె అధికముగా సాగి, స్వరము ఉండవలసిన తావునకంటె పైకి పోవును. వాయించువాడు తన చేయి తప్పినదనుకొనును, తప్పినది పలక.

బిరడ కథ అందఱును ఎఱిగినదే. వానకాలమున ఉబ్బి బిగిసికొని త్రిప్పినను తిరుగదు. వేసవిలో కుంచించుకొని, త్రిప్పిన తావున నిలువక జాఱిపోవును. ఒక పాట ముగియకముందే సారణి దిగిపోవుట ఎన్నో కచేరీలలో సభికులు చూచినదే.

ఇక మైనము. వీణకు ఇరువది నాలుగు మెట్లు. అవి దండిపై మేకులతో దిగగొట్టినవి కావు. మైనపు కట్టపై ఒక్కొక్కటిగా, చెవితో సరిచూచుకొనుచు నిలిపినవి. దీనినే మేళము కట్టుట యందురు. తేనెటీగల మైనము కరగుటకు అఱువది డిగ్రీలకు పైబడిన వేడి కావలెను గాని, మెత్తబడుటకు ఈ సీమ వేసవియే చాలును. ఎండలో నిలిపిన బండిలో వీణను గడియసేపు విడిచినచో మైనము మెత్తబడి, వ్రేలి ఒత్తిడికే మెట్టు ఒరగును. ఒక్క మెట్టు ఒరగినను ఆ స్వరము ఆ తావున మరల సరిగా పలుకదు.

తీగెలకు చెమ్మతో ఒక బాధ, వేడితో వేఱొక బాధ. చెమ్మ ఉక్కుతీగెకు త్రుప్పు పట్టించును. వేడి దానిని సాగదీయును. సాగిన తీగె బిగువు తగ్గి శ్రుతి దిగును. ఇత్తడి ఉక్కుకంటె సుమారు ఒకటిన్నర రెట్లు సాగును గనుక, మందరపు ఇత్తడి తీగెయు సారణి ఉక్కుతీగెయు ఒకే పాళ్ళలో దిగవు. అందుచేతనే దీపముల వేడి తగులు వేదికపై ఒక తీగె సరిచేసినంతనే వేఱొకటి తప్పినట్లు తోచును.

ఒకే పందిరిలో ఒకే సాయంకాలము జరుగు వింతను గమనింపవలెను. సన్నాయి ఊపిరితో పలుకునది. వేడిగాలిలో నాదము వడిగా పరుగిడును గనుక వేడి పెరిగినకొలది సన్నాయి శ్రుతి పైకి పోవును. అదే వేడికి తీగె దిగును. గాలిలో చెమ్మ చేరినచో మృదంగపు చర్మము సడలి అదియు దిగును. పద్యనాటకములవారి హార్మోనియములో ఇత్తడి రీడులు మాత్రము ఇంచుమించు ఉన్నచోటనే నిలుచును. ఇట్లు నాలుగు వాద్యములు నాలుగు దారులు పట్టగా, పాడువాడు ఎవరిని అనుసరింపవలెను? కచేరి నడుమ శ్రుతి సరిచూచుకొనుచున్నవారిని చూచి విసుగుకొను శ్రోతలు, ఆ నిమిషము గాలితో జరుగు రాజీ యని తెలిసినచో విసుగుకొనరు.

పదమూడవ శతాబ్దిలో సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు శ్రుతులను నిరూపించుటకు రెండు వీణలను చెప్పెను. ఒకటి ధ్రువవీణ, దాని శ్రుతి కదలదు. రెండవది చలవీణ, దాని తీగెలను క్రమముగా దింపుచు పోల్చి చూడవలెను. శాస్త్రమునకు అట్టి విభాగము వలసినదే. లోకములో మాత్రము ధ్రువవీణ యెచ్చటను లేదు. ఇంటనున్న ప్రతి వీణయు చలవీణయే. దానిని కదల్చునది ఋతువు. ఆ కదలికను కనిపెట్టి మరల ధ్రువము చేసికొనుటయే వైణికుని నిత్యకృత్యము.

ఈ బాధ వీణకొక్కదానికే కాదు. ఐరోపీయుల పియానో ఇంకను సుకుమారమైనది. పందొమ్మిదవ శతాబ్ది నుండి నేటివరకు చేయు పెద్ద పియానోలో సుమారు రెండువందల ముప్పది తీగెలుండును. వాని బిగువంతయు కలిపినచో ఇరువది టన్నుల వరకు వచ్చును. ఆ తీగెలు స్ప్రూసు అను శీతదేశపు మ్రానితో చేసిన పలుచని నాదఫలకముపై ఆనియుండును. గాలిలో తేమ పెరిగినచో ఫలకము ఉబ్బి తీగెలను పైకెత్తి శ్రుతి హెచ్చును. పొడిగాలిలో కుంగి శ్రుతి దిగును. ఆంగ్లేయుల కాలమున ఉష్ణదేశములకు పంపు పియానోలను జిగురును మాత్రమే నమ్మక లోహపు మరలతో బిగించి చేసెడివారు. సముద్రతీర నగరములలో పియానో పెట్టెలో చిన్న విద్యుద్దీపమో వేడిచువ్వయో అమర్చి చెమ్మను తఱిమెడి పద్ధతియు కలదు. ఇంత చేసినను పియానో యజమాని తన వాద్యమును తాను శ్రుతి చేసికొనలేడు. ఆ పనికి వేఱు నిపుణుడు రావలెను. వీణకు ఏడే తీగెలు. శ్రుతి చేయునది వాయించువాని చేయియే. మెట్లు మైనముపై నుండుటవలన, కొయ్య మాఱినపుడు మేళమును మరల సవరించుకొనుటకును వీలున్నది. వేసవిలో శత్రువైన మైనమే ఇచ్చట మిత్రము. ఇంత సౌకర్యమున్న వాద్యమును చెడగొట్టుకొనుటకు దారిద్ర్యము కారణము కాదు, అశ్రద్ధయే కారణము.

ఇక ఋతుచర్య.

రోహిణి కార్తెలో పడమటిగాలి వీచునపుడు వీణను కిటికీ దగ్గఱను, ఎండ తగులు గోడ దగ్గఱను ఉంచరాదు. బిరడ జాఱినచో ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, కొంచెము సుద్దపొడి అలదవలెను. బిరడకు నూనె మాత్రము పనికిరాదు.

మృగశిర మొదలు స్వాతి వరకు చెమ్మ కాలము. వీణను నేలపై గాని, గోడకు ఆనించి గాని ఉంచక, లోపలి గదిలో బల్లపై నుంచవలెను. కప్పుటకు నూలుగుడ్డయో పట్టుగుడ్డయో శ్రేష్ఠము. గాలి చొరని ప్లాస్టికు సంచిలో కట్టివేసినచో లోపల చిక్కిన చెమ్మ బయటికి పోలేదు. తేమ కొలుచు చిన్న యంత్రము అంగడిలో దొరకును. అది లేనివారికి వంటింటి ఉప్పుజాడీ కలదు. తేమ డెబ్బదియైదు పాళ్ళు దాటగానే ఉప్పు గాలిలోని నీటిని పీల్చి కరగనారంభించును. కల్లుప్పు అంతకు ముందే చెమ్మగిల్లును. అయితే ఇనుమునకు త్రుప్పు, కొయ్యకు బూజు డెబ్బదియైదు వరకు ఆగవు. అఱువదియైదు దాటినపుడే బయలుదేఱును. కావున ఉప్పు నీరుకాఱిన నాటికి వీణ ఆపదలో పడి కొన్నినాళ్ళయినదని ఇల్లాలు గ్రహింపవలెను.

కళింగపట్నము వంటి తీరగ్రామములలో ఇంకొక చిక్కు కలదు. సముద్రపుగాలి ఉప్పు నురుగును మోసికొనివచ్చి తీగెపై పూయును. ఆ ఉప్పు చెమ్మను పిలుచుకొనును. అచ్చటివారు వాయించినంతనే తీగెలను పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె తడిసీ తడియని గుడ్డతో ఒక్కసారి నిమురుట మంచిది.

మార్గశిర పుష్యములలో రేయి మంచు, పగలు పొడి. ఒక్కదినములోనే కొయ్య రెండు ఋతువులను చూచును. తెల్లవాఱుజామున వీణను ఆరుబయటికి తేరాదు. మాఘ ఫాల్గుణములు సమకాలము. మేళము కట్టించుటకును, శిల్పిచేత బాగుచేయించుటకును అవి తగిన నెలలు.

క్రొత్తగా వచ్చిన ఋతువు మఱొకటి కలదు. అది శీతలయంత్రపు గది. బయటి ఉక్కలో నుండి లోపలి చలిలోనికి వీణను తెచ్చినంతనే శ్రుతి చేయుట వ్యర్థము. అరగంటసేపు దానిని గదిగాలికి అలవాటు పడనిచ్చి, పిదప శ్రుతి చేయవలెను. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు బొబ్బిలి వీణలను తమవెంట గొనిపోవుచున్నారు. అచ్చట శీతకాలమున ఇండ్లను వేడిచేయుటవలన లోపలి తేమ ఇరువదిపాళ్ళకును దిగును. ఈ సీమ చెమ్మకు అలవాటుపడిన పనస అచ్చట ఎండి పగులును. చెమ్మను తఱుముట ఇచ్చటి పని; చెమ్మను గదిలో పుట్టించుట అచ్చటివారి పని.

ఇంతవరకు చెప్పినది వాడుకలోనున్న వీణను గూర్చి. అటకపై నున్న వీణ కథ వేఱు. ఆ కథ పెక్కు ఇండ్లలో ఒక్కటే. ఆడుబిడ్డ చిన్ననాట నేర్చికొన్న వీణ పెండ్లియైన పిదప అటకెక్కును. ఏటికొకసారి, నవరాత్రులలో సరస్వతీపూజనాడు మాత్రము దిగును. ఆ నాళ్ళే ఈ తీరమునకు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నము దగ్గఱ తీరము దాటినది. 2018 అక్టోబరు 11న శరన్నవరాత్రుల ఆరంభముననే తిత్లీ శ్రీకాకుళము జిల్లాలో పలాస చేరువను తీరము దాటినది. విద్యుత్తు లేక, తడిసిన గోడల నడుమ, ఇంటిలోని ప్రతి వస్తువు నీరు పీల్చుచున్న దినములలో వీణను దింపుదురు. బూజు పట్టియుండును, తీగెలు ఎఱ్ఱబారియుండును. పూజకు ముందు ఒక్కసారి పలికింపవలెనని మనుమరాలు ముచ్చటపడును. బిరడ కదలదు. "మామ్మా, కొంచెము నూనె పోయనా?" అని అడుగును. నూనె పోయుదురు. అప్పటికిని తిరుగనిచో పట్టకారు తెత్తురు. ఫటుక్కుమని బిరడల పెట్టె చీలును. దానిని అతికించిన శిల్పి యెంత నేర్పరియైనను మునుపటి బిగువు తెప్పించుట కష్టము. పిదప ఆ వీణ పటమునకు తోడుగా గోడవార నిలుచును. ఆ బిడ్డ వీణ నేర్చికొనదు. చెమ్మ వలన కలుగు నిజమైన నష్టము ఇది. కొయ్య చీలుటతో అది ముగియదు; ఒక తరము చేతి నుండి విద్య జాఱిపోవును.

అట్టి వీణను దింపినపుడు చేయవలసినది ఓర్పు. బూజును పొడిగుడ్డతో తుడువవలెను. ఎండలో పెట్టక, నీడలో గాలి ఆడుచోట కొన్నిదినములు ఉంచవలెను. బిరడలను బలవంతము చేయరాదు. కొయ్య నీరు వీడినకొలది అవియే సడలును. త్రుప్పు తీగెలను తీసివేసి క్రొత్తవి వేయవలెను. మైనము పగిలియున్నచో మేళము కట్టుట తెలిసినవారికి చూపవలెను. ఆ సంవత్సరము పూజకు వీణ పలుకకున్నను దోషము లేదు. పగులగొట్టి పలికించుటయే దోషము.

అన్నిటికంటె మేలైన మందు ఒక్కటి కలదు. దినమునకు అరగంట వాయించుట. వాయించువాడు దినదినము శ్రుతి చేయును. బిరడ బిగియకముందే కదలును. తీగె తుడువబడును, త్రుప్పు చేరదు. గుడ్డ తీసినపుడెల్ల వీణకు గాలి తగులును. పలకపై సన్నని గీటు పడిననాడే కన్ను పట్టును. ఋతుచర్యయంతయు ఆ అరగంటలో సగము తనంత తానే జరిగిపోవును.

ఈ మాటలు గ్రంథాలయపు పండుగలో చెప్పుట అసందర్భము కాదు. వీణకును పుస్తకమునకును శత్రువు ఒక్కటే. చెమ్మ తగిలిన కాగితము ముడుచుకొనును, అట్ట ఉబ్బును, బూజు పట్టును, చిమ్మట చేరును. పూర్వులు తాటాకు పుస్తకములను ఏటేట విప్పి, దులిపి, నీడగాలికి ఆరబెట్టి, మరల కట్టెడివారు. ఆ పనిలో ఒక్కొక్క ఆకు చేతికి తగిలెడిది, కంటబడినది చదువబడెడిది. అలమరలో తాళము వేసిన పుస్తకము అటకపై వీణకు తోబుట్టువు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము నిలిచినదనిన, గోడలు నిలుచుట వలన కాదు. చందాదారులు పుస్తకములను ఇంటికి గొనిపోయి, చదివి, తిరిగి తెచ్చుట వలన.

కావున ఈ రజతోత్సవమున ఒక చిన్న మనవి. ఈ ఊరి ఇండ్లలో అటకలపై ఉన్న వీణలెన్నియో ఇల్లాండ్రకే తెలియును. నవరాత్రుల వఱకు ఆగక, ఈ మాఘ ఫాల్గుణములలోనే వానిని దింపి చూడుడు. బాగుచేయదగినదానిని గొల్లపల్లి శిల్పులకు చూపుడు. పని దొరకిననే ఆ విద్య వారి పిల్లల చేతులకు దిగును. బాగైన వీణను వాయించు బిడ్డ తమ యింట లేకున్నచో, నేర్చుకొనగోరు పొరుగింటి బిడ్డ చేతికి ఇండు. పుస్తకమువలెనే వీణయు చేయి మాఱినచో తఱుగదు. జాతరనాడు గడ్డిమంట దగ్గఱ కూర్చుండి డప్పును కాచుకొను వాద్యకాఱునికున్న శ్రద్ధలో సగము వీణయున్న ప్రతి యింట నిలిచినచో, ఈ సీమలో పుట్టిన నాదము ఈ సీమ చెమ్మకు బలికాదు.